కేస్లాపూర్ జాతరకు కుటుంబంతో

పుష్య అమావాస్య నాడు ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో మొదలయ్యే నాగోబా జాతరలో రంగులరాట్నాలూ మిఠాయి దుకాణాలూ ఉన్నా, దానిని థీమ్ పార్కులా చూసి వచ్చే కుటుంబాలు అసలు సంగతిని వదిలేసుకుంటాయి. గోండుల్లో ఒక వంశమైన మెస్రం వారు కాలినడకన తెచ్చిన గోదావరి జలంతో మహాపూజ జరిగాక, ఆ వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లు తెల్లచీర కట్టి, ముఖంపై ముసుగు కప్పుకొని నాగదేవత అయిన నాగోబా ముందుకు వస్తారు. ‘భేటింగ్’ అనే ఈ పరిచయంతోనే వారు వంశంలో సభ్యులవుతారు. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో 1940ల్లో ఈ జాతరలోనే మొదలైన దర్బారులో, అంటే గిరిజనులు అధికారులకు తమ కష్టాలు నేరుగా చెప్పుకొనే సభలో, పిల్లలను కాసేపైనా కూర్చోబెట్టాలి. రాట్నం ఎక్కించడం ఆ తరువాతైనా కుదురుతుంది.