మా తల్లిగారి దుంపలు

రాజమహేంద్రవరమున మేము పుట్టి పెరిగిన యింటిని 2011వ సంవత్సరమున అమ్మివేసితిమి. శ్రావణము ముగియునాటికి ఖాళీ చేయవలెనని యొడంబడిక. సామాను తరలించుట యొక దినపు పని. మా తల్లిగారిని సమాధానపఱచుటయే కష్టమైనది. ఆమె దిగులు బీరువాలను గూర్చి కాదు. నూతిగట్టు ప్రక్కనున్న పదునొకండు దుంపలను గూర్చి.

అవి మే పువ్వు దుంపలు. నర్సరీవారు ఫుట్‌బాల్ లిల్లీ యందురు. పుట్టిల్లు ఆఫ్రికా. మాఘ ఫాల్గుణములలో అక్కడ నొక మొక్క యున్నదన్న జాడయే కానరాదు. వైశాఖమున నొక వాన పడినంతనే, ఆకులైనను సరిగా విప్పుకొనకముందే, బోసినేలలోనుండి కాడ లేచి దాని కొనను ఎఱ్ఱని బంతి విచ్చును. అది యొక పువ్వు కాదు, అనేకములైన చిన్న పువ్వుల కూటమి. కొలది దినములలో వాడిపోవును. తరువాత నిలుచు ఆకులను చూపరులు లెక్కచేయరు గాని యసలు పని వానిదే. వానకాలమంతయు అవి యెండను గ్రహించి దుంపలో ఆహారము దాచును. మఱుసటి వేసవి పువ్వు ఆ దాచిన దానినుండియే రావలెను.

"ఆకు పండేదాకా వాటిని కదపకు నాయనా. బాలింతను ప్రయాణం పెట్టినట్టవుతుంది. కొన్నవాళ్లతో చెప్పి పుష్యమాసంలో వచ్చి తవ్వుకుందాం" అని యామె యనిరి.

మేము నవ్వితిమి. వృక్షశాస్త్రమున పరీక్ష నిచ్చినవారము మేము. బడి మొగ మెఱుగనివారు ఆమె. అమ్మిన యింటి గడప మరల నెక్కుటకు మా యభిమానమును అడ్డువచ్చెను. గునపముతో త్రవ్వించితిమి; వేళ్లు సగము తెగినవి. సంచిలో ఇముడుటకై పచ్చి యాకులను మొదలంట కోసివైచితిమి. స్త్రీలకు విద్య కావలెనని సభలలో ఉపన్యసించు మాకు, మా యింటి స్త్రీకి ముందే తెలిసినది విద్యగా తోచలేదు.

మఱుసటి వైశాఖమున ఒక్కటియు పూయలేదు. రెండు కుళ్లిపోయినవి. మా తల్లిగారు ప్రతి యుదయము చేతికఱ్ఱతో వచ్చి, ఆ నేలను చూచి, లోపలికి పోవుచుండిరి. మమ్ము నొక్కమాట యనలేదు, అనిన బాగుండెడిది. 2013లోను అంతే. 2014లో ఒక్క బంతి విచ్చెను. అప్పటికి నీటికాసుల వలన ఆమె చూపు చాలవఱకు పోయినది. వంగి, చేతితో తడివి, "వచ్చిందా" అనిరి.

ఇప్పుడు మేము ఆమె చెప్పినట్లే చేయుచున్నాము. కార్తీకము దాటిన పిదప ఆకు తనంతట పసుపుబారును. అప్పుడు నీరు మానివేయవలెను. ఆకు పూర్తిగా ఎండిన మీదట, దుంపకు జానెడు దూరమున పార దింపి, మట్టిపెళ్లతోనే పైకి తీయవలెను. వేళ్లు కండగలవి, గాయపడినచో కుళ్లును. పిల్లదుంపలను వేఱుచేయుటకును అదియే సమయము. నీరు నిలువని చోట, మెడ నేలమట్టమున నుండునట్లు, చివికిన యెరువు కలిపిన మట్టిలో నాటవలెను. ఇంత చేసినను ఒక యేడు అలిగి పూయకుండుట కలదు. దుంపలో విషమున్నది గనుక పసిపిల్లలకును పశువులకును అందనీయరాదు.

శ్రీనగరమునందలి తులిప్ తోటను మా కుమార్తె చూచివచ్చి, ఆ దుంపలు మన దొడ్డిలో వేయరాదా యని యడిగినది. వారములకొలది చలిలో నిద్రింపనిదే తులిప్ సరిగా పూయదు. గోదావరి యొడ్డున ఆ చలి యెక్కడిది? అట్లయిన అమ్మమ్మ దుంపలే పిల్లలు రెండిమ్మని, పోయిన భాద్రపదమున సంచి పట్టుకొని వచ్చినది. ఆకులు నిగనిగలాడుచున్నవి. సంక్రాంతికి రమ్మని వట్టి సంచితోనే పంపితిమి.