ఎర్ర కారు... పాత నడుం!

సినిమాల్లో హీరో కారెక్కడం మీరెప్పుడైనా జాగ్రత్తగా గమనించారా? తలుపు తియ్యడు. టాపు లేని కారు మీద ఒక చెయ్యి వేసి, గాల్లోకి ఎగిరి, సరిగ్గా సీట్లో దిగుతాడు. మరుక్షణం పక్కన హీరోయిన్ జుట్టు గాలికి ఎగురుతూ ఉంటుంది.

నేను కారెక్కే పద్ధతి వేరు. ముందు తలుపు బార్లా తీస్తాను. సీటుకి వీపు చూపించి మెల్లిగా కూలబడతాను. ఆ తర్వాత రెండు కాళ్ళూ జంటగా ఎత్తి లోపల పెట్టుకుంటాను. ఈ షాటు ఓకే అయ్యేసరికి తెరమీదైతే పాట అయిపోయి ఫైటింగు మొదలవుతుంది!

అలాంటివాణ్ణి స్పోర్ట్స్ కారు కొన్నాను. నవ్వకండి. నవ్వినా ఫరవాలేదు, మా ఇంట్లో అందరూ నవ్వేశారు. ఒక్క మా నాన్న తప్ప. ఆయన మాత్రం, "అది ఘాటీ ఎక్కుతాదేట్రా?" అని అడిగాడు. అంతే.

ఆ ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలి. మాది నర్సీపట్నం. ఒకప్పుడు విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. మైదానం మా ఊళ్ళో అయిపోతుంది, మన్యం మొదలవుతుంది. ఇక్కణ్ణుంచి లంబసింగి ఘాటీ ఎక్కి చింతపల్లి వెళ్తారు. ఆ ఘాటీ మీద మా నాన్న ఏళ్ళ తరబడి సర్వీసు జీపు తోలాడు. పదిమంది పట్టే జీపు. సంతరోజున పాతికమంది, వాళ్ళ బుట్టలు, కోళ్ళు, అడ్డాకుల కట్టలు. కింద కమాను పట్టీలు, పైన కొబ్బరిపీచు కుక్కిన సీటు. ఆ సీటుకీ చెక్కబల్లకీ తేడా రంగొక్కటే.

నాన్నకి సినిమా పిచ్చి. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు' షూటింగు చింతపల్లి ప్రాంతంలో జరిగినప్పుడు ఆయన ఇంకా క్లీనరు. జీపుని దాని ఖర్మానికి వదిలేసి జనంలో నిలబడి చూశాడట. అప్పట్నుంచి కృష్ణగారు ఆయనకి దేవుడు. నాకు అన్నం పెడుతూ ఒకే కథ చెప్పేవాడు. 1965లో 'తేనెమనసులు'లో కృష్ణగారు డూపు లేకుండా స్కూటరు మీంచి కారు మీదికి దూకాడు. ఆ సీను చూసే నిర్మాత డూండీ ఆయన్ని 1966లో 'గూఢచారి 116'కి హీరోని చేశారు. "దూకినోడికే కారు దక్కుద్దిరా" అని నాన్న నీతి. నేనూ బుద్ధిగా ముద్ద మింగేవాణ్ణి.

అదిగో, అక్కడ పుట్టింది నా జబ్బు. మా ఊరి హాల్లో నేలక్లాసులో కూర్చుని, తెరమీద ఎర్రకారు వచ్చినప్పుడల్లా హీరోని చూడ్డం మానేసి కారుని చూసేవాణ్ణి. ఎప్పటికైనా ఒకటి కొనాలి, ఎర్రది, నేలకి ఆనుకుపోయేంత కిందకి ఉండేది!

కానీ ఘాటీ ఊరికే పోనివ్వదు. నాన్న యాభయ్యోపడిలో పడకముందే నడుం వంగడం మానేసింది. 1999లో జీపు అమ్మేశాడు. ఆ డబ్బుతోనే నా చదువు పూర్తయింది. తర్వాత ఆయన మళ్ళీ ఘాటీ ఎక్కలేదు. "ఎందుకు నానా?" అంటే, "నడుం ఒప్పదురా" అనేవాడు.

నా నడుం కథ ఇంకా చిన్నది. పద్దెనిమిదేళ్ళు ఆఫీసు కుర్చీ, ముందుకి పడుకుని నడపాల్సిన మోటారుసైకిలు, వ్యాయామం సున్నా. ఒకరోజు బక్కెట్టు ఎత్తబోయాను. ఎడంకాల్లోంచి కరెంటు పోయినట్టయింది. డిస్కు జారి నరాన్ని నొక్కుతోందన్నారు డాక్టరుగారు. ఆపరేషను అక్కర్లేదు, వ్యాయామం చెయ్యి, ఒకేచోట గంటలకొద్దీ కూర్చోకు అన్నారు. నేను మెల్లిగా, "మరి స్పోర్ట్స్ కారు...?" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి నావైపు చూశారు. "కారు వద్దనను. కానీ కళ్ళతో కొనకు, నడుంతో కొను" అన్నారు.

నేనేం చేశానంటే, కళ్ళతోనే కొనబోయాను!

విశాఖలో ఒక సెకండ్‌హ్యాండ్ కార్ల వ్యాపారి దగ్గర కనిపించింది. ఎర్రది. మోకాలెత్తుకి కాస్త పైన. బీచ్‌రోడ్డు మీద ఒక్క రౌండు కొట్టాను. పట్టుబట్ట మీద జారినట్టు పోయింది. మంచివాడు పాపం, ఒకరోజు ఉంచుకుని చూడమన్నాడు. రెక్కలొచ్చినట్టు బయల్దేరాను. హైవే మీద ఉన్నంతసేపూ నేనే హీరోని. తాళ్ళపాలెం దగ్గర నర్సీపట్నం వైపు తిరిగాక కథ మారింది. ప్రతి గుంటా టైర్ల దగ్గర ఆగకుండా తిన్నగా నా వెన్నుపూసకే వచ్చి పేరు చెప్పుకుంది. ఇల్లు చేరేసరికి ఎడంకాలు తిమ్మిరెక్కిపోయింది.

నాన్న ముచ్చటపడి ఎక్కుతానన్నాడు. కూర్చోడం కాదు, పడ్డాడు. వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాం. ఇక దిగడం! నేనొక చెయ్యి, మా ఆవిడ ఒక చెయ్యి పట్టుకు లాగితే గానీ బయటికి రాలేదు. ఇరుగుపొరుగు చూస్తున్నారు. నాన్న మొహం ఎర్రబడింది. కోపం కాదు, సిగ్గు. పాతికమందిని ఘాటీ ఎక్కించిన మనిషి మరి! కాసేపు అరుగు మీద కూర్చుని అన్నాడు: "గోతిలో కూకోని రోడ్డేటి సూస్తావురా? ఇచ్చియ్ దాన్ని."

మర్నాడే ఇచ్చేశాను. ఆ రాత్రి నిద్రపట్టక, అసలు నడుంకీ కారుకీ మధ్య ఏం జరుగుతుందో చదవడం మొదలుపెట్టాను. మీలో చాలామందికి ఇంకా పాతికేళ్ళే ఉంటాయి, నడుం ఉందన్న సంగతే తెలీదు. అయినా వినండి, పనికొస్తుంది.

స్వీడన్‌లో ఆల్ఫ్ నాకెమ్సన్ అనే డాక్టరు 1960లలో మనుషుల డిస్కులోకి సన్నటి సూది పంపి లోపలి ఒత్తిడి కొలిచాడు. నిలబడినప్పటికంటే ఏ ఆనుడూ లేకుండా కూర్చున్నప్పుడు ఒత్తిడి ఎక్కువని తేలింది. తర్వాతి కొలతల్లో తేడా మరీ అంత లేదని కూడా వచ్చింది గానీ, సీటు వీపు కాస్త వెనక్కి వాల్చి, నడుం వంపు దగ్గర ఆనుడు పెడితే ఒత్తిడి తగ్గుతుందన్న మాట నిలబడింది. ఇక కుదుపు సంగతి. సెకనుకి నాలుగు నుంచి ఎనిమిదిసార్లు పైకీ కిందకీ ఊగే కుదుపంటే కూర్చున్న మనిషి ఒంటికి అస్సలు గిట్టదట. గట్టి స్ప్రింగులున్న బండి గతుకురోడ్డు మీద సరిగ్గా అలాంటి కుదుపే సీట్లోకి పంపగలదు.

మరి టైరు? టైరు మీద అంకెలు చూశారా? 225/40 ఆర్ 18 అని ఉందనుకోండి. వెడల్పు 225 మిల్లీమీటర్లు. రిముకీ రోడ్డుకీ మధ్య నిలబడే రబ్బరు గోడ ఎత్తు అందులో నూటికి నలభై వంతులు, అంటే 90 మిల్లీమీటర్లు. రిము 18 అంగుళాలు. అదే 195/65 ఆర్ 15 అయితే రబ్బరు గోడ సుమారు 127 మిల్లీమీటర్లు. తేడా ఒక అంగుళంన్నర. మన నడుంకీ గుంటకీ మధ్య మొదటి దిండు అదే! అందానికి రిము పెద్దది చేసినకొద్దీ దిండు పల్చనవుతుంది. గాలి పోయినా కొంతదూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లున్నాయి. వాటి గోడలు మరీ బిరుసు.

అయితే స్పోర్ట్స్ కారంటే బిరుసుగానే ఉండాలా? ఇక్కడే నా కళ్ళు తెరుచుకున్నాయి. అక్కర్లేదు! ఇంగ్లండులో లోటస్ కంపెనీ పెట్టిన కోలిన్ చాప్‌మన్ బండి బరువు తగ్గించి, స్ప్రింగులు మెత్తగా పెట్టి, షాకబ్జార్బర్లతో ఊపుని అదుపు చేసేవాడు. ఫ్రాన్సువాళ్ళు 2017లో తెచ్చిన ఆల్పీన్ ఏ110 కూడా అదే దారి. మలుపుల్లో చిరుతపులి, గతుకుల్లో పిల్లి. ఇవి నర్సీపట్నం వీధుల్లో కనపడవనుకోండి. కానీ నీతి మాత్రం మనదే. వేగం బిరుసుతనంలో లేదు, అదుపులో ఉంది.

ఇవన్నీ నాన్నకి చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "ఇందుకు ఇంగ్లండు ఎందుకురా? పద, నేనొస్తాను" అన్నాడు.

ఆ నెలలో నాలుగు ఆదివారాలు ఇద్దరం విశాఖ వెళ్ళాం. కారు కనిపించగానే నాన్న రంగు చూడడు, మీటరు చూడడు. చక్రం పైన రేకు మీద రెండు అరచేతులూ ఆనించి, బలంగా నొక్కి వదిలేస్తాడు. లేచి ఒక్కసారికే కుదురుకుంటే మంచిది. రెండు మూడు సార్లు ఊగిందంటే షాకబ్జార్బరు అయిపోయింది. అసలు కిందకే దిగలేదంటే... "ఇది దిగదురా, నీ నడుమే దిగుద్ది" అనేవాడు. సేల్స్‌మన్ కుర్రాళ్ళు మొదట నవ్వారు. మూడో ఆదివారానికి వాళ్ళే, "తాతగారూ, దీన్ని కూడా నొక్కి చూడండి" అన్నారు.

నేను నా పరీక్షలు పెట్టాను. ఒకటి, దిగడం ఎక్కడం పదిసార్లు. నాతో బాటు నాన్న కూడా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. రెండు, సీటు తుంటి ఎత్తుకి దగ్గరగా ఉండాలి, నడుం దగ్గర ఆనుడు ముందుకీ వెనక్కీ జరగాలి. మూడు, క్లచ్చి పూర్తిగా తొక్కినా వీపు సీటుని వదలకూడదు. నాలుగు, బీచ్‌రోడ్డు మీద కాదు, దొరికినంతలో అధ్వాన్నమైన రోడ్డు మీద ముప్పావు గంట తిప్పాలి. పది నిమిషాల ట్రయలు ట్రైలరు లాంటిది. అందులో అన్ని సినిమాలూ హిట్టే!

చివరికి దొరికింది. పేరు చెబితే ప్రకటన అనుకుంటారు, అంచేత చెప్పను. జర్మనీవాళ్ళది, ఆరేళ్ళనాటిది, రెండు తలుపులది. ఎర్రది కాదు, బూడిదరంగు. దాంట్లో ఒక మీట ఉంది. 'స్పోర్ట్' అంటే షాకబ్జార్బర్లు బిగుస్తాయి, 'కంఫర్ట్' అంటే సడలుతాయి. కంపెనీయే అనుమతించిన చిన్న సైజు రిములు, ఎత్తుగోడ టైర్లు వేయించాను. చూపుకి కాస్త షోకు తగ్గింది. మా మేనల్లుడు చూసి, "ఇదేం స్పోర్ట్స్ కారు మావయ్యా? హీరో ఫ్రెండు కారులా ఉంది" అన్నాడు. ఏమాటకామాటే, నిజమే. నాక్కూడా ఒక్క క్షణం గుండె కలుక్కుమంది. ఆ ఎర్ర రంగు కోసం ముప్పయ్యేళ్ళు ఎదురుచూశాను మరి.

కిందటి డిసెంబరులో ఒక తెల్లవారుజామున నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని ఘాటీకి బయల్దేరాను. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. చలికాలం మంచు చూడ్డానికి జనం విరగబడతారు. మీట 'కంఫర్ట్' మీద ఉంది. మొదటి మలుపు దగ్గర నాన్న కుడికాలు తనంతట తానే బ్రేకు తొక్కింది, అక్కడ బ్రేకు లేకపోయినా. తర్వాత ఒక్కొక్క మలుపూ పేరుపెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. ఇక్కడ టైరు పేలింది, ఇక్కడ ఒకావిడకి నొప్పులొచ్చాయి, ఇక్కడ ఆగి టీ తాగేవాళ్ళం. నేను దారిలో ఒకసారి ఆపి, దిగి, నాలుగడుగులు నడిచాను. అది డాక్టరు గారి షరతు. కాలు తిమ్మిరెక్కలేదు.

కాస్త ఖాళీ రోడ్డు దొరికినచోట నాన్న మీట వైపు చూపించి, "ఆ రెండోది నొక్కు" అన్నాడు. "నడుం నానా..." అన్నాను. "ఒక్కసారికేటి కాదు, నొక్కు." నొక్కాను. ఇంజను గొంతు మారింది. రెండంటే రెండు మలుపులు. ఆయన మొహం చూడాలి! ఆ మొహమే 1974లో షూటింగు దగ్గర జనంలో నిలబడి ఉంటుంది.

పైకి చేరాక నేను అటువైపు తిరిగి వెళ్ళి చెయ్యి అందించబోయాను. వద్దన్నాడు. తలుపు బార్లా తీశాడు. రెండు కాళ్ళూ జంటగా బయటపెట్టాడు. అంచు పట్టుకుని, మెల్లిగా, తనంతట తాను లేచి నిలబడ్డాడు. చుట్టూ మంచు. ఇరవయ్యేళ్ళు దాటిపోయింది ఆయన అక్కడ నిలబడి.

"ఎలాగుంది నానా?" అన్నాను.

కారు రేకు మీద చెయ్యేసి ఒక్కసారి నొక్కి వదిలాడు. లేచి కుదురుకుంది. "బాగుంది. నీ నడుం జాగర్త" అన్నాడు.

కుర్రాళ్ళూ! ఎర్రకారు కొనుక్కోండి, తప్పులేదు. కానీ కొనేముందు ముప్పావు గంట కూర్చుని చూడండి, వీలైతే మీ నాన్నగారిని కూడా కూర్చోబెట్టండి. కాలు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా మాత్రం కార్ల షాపుకి కాదు, వెంటనే డాక్టరు దగ్గరకి పరిగెత్తండి. గాల్లోకి ఎగిరి సీట్లో పడడం హీరోలకి వదిలేద్దాం. వాళ్ళలో చాలామందికి డూపులుంటారు. మన నడుంకి డూపు లేదు సుమా!