కోనసముద్రం దారిలో ఒక కొలిమి

మెట్‌పల్లిలో చుట్టాల పెళ్ళికి పోతూ సంచిలో మా నాయన కత్తి పెట్టుకున్న. పెళ్ళికి కత్తెందుకని మా ఇంటామె నవ్వింది. మిల్లులో ఫిట్టరుగా ఉన్నప్పుడు అరిగిపోయిన ఆకురాయితో నాయన చేసిన కత్తి అది. పోయినేడు డబ్బా మూత లేపబోయి మొన విరగ్గొట్టింది నేనే. పైగా "నాయనకు పదును పెట్టరాలేదు" అని అమ్మ ముందే అన్న.

పెళ్ళి తెల్లారి కోనసముద్రం చూడబోయిన. అక్కడివాళ్ళు కోనసముందర్ అంటరు. ఒకప్పుడు ఇక్కడి కమ్మరులు ఇనుమును మట్టి మూసల్లో కరిగించి ఉక్కు తీసేవాళ్ళు. వాయిసీ అనే దొర రాసిన వివరం 1832లో కలకత్తాలో అచ్చయింది. పర్షియా వర్తకులు ఈ ఊరికే వచ్చి ఉక్కు కొనుక్కుపోయేవాళ్ళు. ఆ ఉక్కులో కర్బనం నూటికి సుమారు ఒకటిన్నర పాళ్ళు. బాగా మండించి కొడితే పగిలిపోతుంది. తక్కువ వేడి మీద ఓపికగా సాగగొట్టాలి. ఇప్పుడు మిగిలింది చిట్టెం రాళ్ళు, మూసల పెంకులు.

తిరిగొచ్చే దారిలో ఒక కొలిమి కనపడింది. ముసలాయనకు కత్తి చూపించిన. మాట్లాడకుండా సాన చక్రం తిప్పి ముందు ఇనుప సువ్వ ఆనించిండు. నిప్పురవ్వలు పొడుగ్గా, సాఫుగా పోయినయి. అందులో కర్బనం నూటికి 0.2 ఉంటే ఎక్కువ. తర్వాత లారీ కమాను పట్టీ: రవ్వల కొసలు చీలినయి. అది 0.6 దాకా. చివరికి నాయన కత్తి తోక ఆనిస్తే చక్రం దగ్గర్నే కాకరపువ్వొత్తి లెక్క గుప్పున విరిసింది. ఆకురాయిలో 1.2 దాకా ఉంటుంది మరి.

అంచు మీద చిన్న ఆకురాయి గీసి చూసిండు. జారిపోలేదు, కొద్దిగా పట్టింది.

"పదును పెట్టినంక మళ్ళ సన్న సెగ చూపి కొంచెం మెత్తబరిచిండు బిడ్డా. పనితనం తెల్సినోడే. ఇది కోసేటందుకు, మీటేటందుకు గాదు. మీటాలంటే కమాను పట్టీ కత్తి కావాలె. అది వంగుతది, విరగది. కానీ దాని అంచు తొందరగా మొద్దుబారుతది."

"కొలిమిల పెట్టి మొన సాగదీయరాదా తాతా?"

"పెడితే మీ నాయన పెట్టిన పదును పోతది. నేను మళ్ళ పెట్టొచ్చు, గని అది నాదైతది."

గంటసేపు కూర్చుని, రెండు క్షణాలు ఆనించడం, నీళ్ళల్లో ముంచడం, అట్లనే కొత్త మొన తీసిండు. వేడెక్కి అంచు నీలం తిరిగితే మళ్ళీ మెత్తబడుతుందట. కత్తి అర అంగుళం పొట్టిదైంది.

సోలాపూర్ వచ్చి అమ్మ చేతిలో పెట్టి, ముసలాయన అన్న మాటలన్నీ చెప్పిన. అమ్మ ఏమీ అనలేదు. వంకాయలు ముందరేసుకుని కూర్చుంది.