మందిరంలో మౌస్ – మైకులో మా మాట



మన మందిరంలో పాటలు తెర మీద చూపించే కంప్యూటర్‌కు ఈ మధ్య వైరు లేని కీబోర్డు, మౌస్ కొన్న సంగతి మీకు తెలుసు. పాత వైరు నడవకు అడ్డంగా పడి సండే స్కూల్ పిల్లల కాళ్ళకు తగులుతోందని కొన్నాం. కంప్యూటర్ డబ్బా వేదిక వెనుక, పాటలు మార్చే తమ్ముడు ఈ చివర కిటికీ దగ్గర. శనివారం రాత్రి అతను పెట్టి చూశాడు. చక్కగా పనిచేసింది.

ఆదివారం రెండో పాటకు బాణం గుర్తు తెర మధ్యలో ఆగిపోయింది. తమ్ముడు మౌస్‌ను అటూ ఇటూ తిప్పాడు, బల్లకేసి తట్టాడు, బ్యాటరీలు తీసి మళ్ళీ వేశాడు. ఉన్నట్టుండి అది దూకి నాలుగు పాటలు అవతలకు పోయింది. మీరు ఒక పాట పాడుతుంటే తెర మీద మరో పాట. పిల్లలు నవ్వారు. మాకు ఒళ్ళు మండింది. "శనివారమే సరిగ్గా చూసుకోవాలని చెప్పాం కదయ్యా! ఒక్క పని అప్పగిస్తే ఇంతేనా?" అన్నాం. మైకు ఆన్‌లోనే ఉంది. అతని తల్లి ముందు వరుసలో ఉన్నారు.

ఆ రోజు మేము సిద్ధపడి వచ్చిన వాక్యభాగం యాకోబు 1:19. ఎలా ముగించామో మాకే తెలియదు.

సోమవారం ఎవరూ పిలవకుండానే తమ్ముడు వచ్చాడు. డబ్బా వెనక్కి వంగి చూసి, "అయ్యగారూ, ఈ హార్డ్ డిస్క్ ఎవరు పెట్టారు?" అని అడిగాడు. ఆరాధన వీడియో దాచడానికి ఆదివారం ఉదయం మేమే పెట్టాం. మౌస్‌తో వచ్చిన చిన్న రిసీవర్‌కు ఆనుకునే పెట్టాం. ఆ రిసీవర్ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద పనిచేస్తుందట. నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో హార్డ్ డిస్క్ నడుస్తుంటే సరిగ్గా ఆ తరంగాల దగ్గరే రొద పుడుతుందట. పైగా మధ్యలో ఇనుప డబ్బా. శనివారం హార్డ్ డిస్క్ లేదు, మౌస్ పనిచేసింది. అంతే సంగతి. అతను ఒక పొడిగింపు వైరు తెచ్చి, రిసీవర్‌ను డబ్బాకు దూరంగా బల్ల మీదకు లాగాడు. వైరు లేని దానికి చివరికి వైరే దిక్కయింది! టీ తాగి వెళ్ళమంటే వద్దని వెళ్ళిపోయాడు.

రాత్రి, వెళ్ళి క్షమాపణ అడుగుతామని ఇంట్లో చెప్పాం. "మైకులో తిట్టి గుమ్మంలో క్షమాపణా?" అన్నారు మా ఇంటివారు.

తరువాతి ఆదివారం తమ్ముడు వెనుక వరుసలో కూర్చున్నాడు. ప్రసంగానికి ముందు, తప్పు మాదని, అతనిది కాదని అదే మైకులో చెప్పి క్షమించమని అడిగాం. తలెత్తలేదు. ఆరాధన అయ్యాక అందరూ వెళ్ళిపోతుంటే కిటికీ దగ్గరకు వచ్చి, మౌస్ అడుగున ఉన్న స్విచ్ ఆపాడు.

"ఆపకపోతే వారమంతా బ్యాటరీ అరిగిపోద్ది అయ్యగారూ" అన్నాడు.