శిబ్‌పూర్ ఆవరణ వయసెంత?

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ తంటాలు పడిన తెలుగు ఇళ్ళకు శిబ్‌పూర్ పేరు కొత్త కాదు. సంపాదకులు నన్ను పంపింది కూడా అక్కడి చదువు గురించి రాయమనే. కానీ హుగ్లీ ఒడ్డున, బొటానికల్ గార్డెన్‌ను ఆనుకుని ఉన్న ఆ ఆవరణలో తిరుగుతుంటే చదువు కన్నా గోడలే ఎక్కువ ప్రశ్నలు వేశాయి. అక్కడి ఇంజనీరింగ్ విద్యాసంస్థ తన వయసును 1856 నుంచి లెక్కిస్తుంది. కలకత్తా సివిల్ ఇంజనీరింగ్ కాలేజీ రైటర్స్ బిల్డింగ్‌లో మొదలైంది ఆ ఏడే కాబట్టి ఆ లెక్క తప్పు కాదు. అయితే అది శిబ్‌పూర్ చేరింది 1880లో. అంతకుముందు ఈ ఆవరణ బిషప్స్ కాలేజీది. కలకత్తా తొలి ఆంగ్లికన్ బిషప్ థామస్ మిడిల్టన్ 1820 డిసెంబరులో దానికి శంకుస్థాపన చేశాడు. ఆవరణ కథను 1856తో మొదలుపెట్టడమంటే, కొనుక్కున్నవాడు పుట్టిన ఏటి నుంచి ఇంటి వయసు లెక్కగట్టడం.

మిడిల్టన్ గోతిక్ శైలిని కోరుకోవడంలోనే ఒక వాదన ఉందనుకుంటాను. అప్పటి కలకత్తాలో గవర్నర్ జనరల్ భవనమైనా, సెయింట్ జాన్స్ చర్చి అయినా గ్రీకు, రోమన్ స్తంభాల పద్ధతిలో కట్టినవే. వాటికి ఎదురుగా మొనదేలిన కమానులు లేపడమంటే ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలను గంగ ఒండ్రు మీద నిలబెడతానని చాటడమే. అక్కడ రాయి దొరకదు. ఇంగ్లండులో రాతిలో చెక్కిన రూపాన్ని ఇటుకా సున్నంతో సాధించాలి. ఆ పని తలకెత్తుకున్న విలియం జోన్స్, హౌరా వాళ్ళ ‘గురు జోన్స్’, 1821లోనే పోయాడు. మరుసటి ఏడు మిడిల్టనూ పోయాడు. కోరినవాడికీ కట్టినవాడికీ కాలేజీ తెరవడం చూసే యోగం లేకపోయింది.

మతప్రచారకుల్ని తయారుచేయడానికి పెట్టిన కాలేజీ చరిత్ర ఇంజనీర్లకెందుకని అడగవచ్చు. ఉద్దేశం అదే, దాన్ని దాచనక్కర్లేదు. కానీ ఆ గోడల మధ్య జరిగింది అదొక్కటే కాదు. తొలి ప్రిన్సిపాల్ విలియం హాడ్జ్ మిల్ సంస్కృత పండితుడు. సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభ శాసనాన్ని చదివే పనిని 1834లో ముందుకు నడిపినవాడు. వేంగి హస్తివర్మ, పిష్టపుర మహేంద్రుల పేర్లున్న శాసనమది. మన చరిత్రపుస్తకాల్లో తప్పకుండా కనిపించే ఆ వాక్యాలకు ఈ కాలేజీతో ఇంత చుట్టరికం ఉంది. మైకేల్ మధుసూదన్ దత్ గ్రీకు, లాటిన్, సంస్కృతం చదివిందీ ఇక్కడే.

ఈ పాత గోడల్ని కాపాడుకోవాలంటే వచ్చే ఇంకో అభ్యంతరం బలమైనది: నడుస్తున్న కాలేజీని మ్యూజియం చేయలేం. చేయమని ఎవరూ అడగడం లేదు. పాత కట్టడం వాడకంలో ఉంటేనే బతుకుతుంది. మరమ్మతు మాత్రం తెలిసి చేయాలి. సున్నపు గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాక ఇటుక పొడై రాలుతుంది, నది పక్కన మరీను. ప్రతి పాత గోడకూ కట్టిన ఏడు రాయాలి, పూతకు సున్నమే వాడాలి. సివిల్ ఇంజనీరింగ్ విభాగం ఉన్న చోట ఈ పనికి బయటివాళ్ళను పిలవక్కర్లేదు.