జెముడు మొక్కకు చలికాలం

కార్తీకం వచ్చిందంటే మోర్ధానా ఆనకట్ట చుట్టుపక్కల ఊళ్లలోకి వానా చలీ కలిసే దిగుతాయి. పలమనేరు కొండల వైపు నుంచి చలిగాలి వీస్తుంది. ఈశాన్య రుతుపవనాల ముసురు పడుతుంది. కౌండిన్య నదికి నీళ్లొస్తే ఆనకట్ట నిండి పొర్లుతుంది. గుడియాత్తం మిద్దెల మీద, వేలూరు బాల్కనీల్లో కాక్టస్ ముళ్లమొక్కలు చచ్చిపోయేదీ ఈ రోజుల్లోనే. చలికి పోయిందంటారు పెంచినవాళ్లు. ఎక్కువసార్లు దాన్ని చంపేది తడి.

ఈ మొక్కల పుట్టిల్లు అమెరికా ఖండాలు. మెక్సికో పీఠభూమిలో, ఆండీస్ కొండల్లో చలికాలపు రాత్రుళ్లు నీళ్లు గడ్డకడతాయి. కెనడాలో పీస్ నది లోయ దాకా ఒక చిన్న నాగజెముడు మంచు కిందే బతుకుతుంది. చలి ముదిరేకొద్దీ అది ఒంట్లో నీరు తగ్గించుకుంటుంది. పలకలు ముడతలు పడి నేలకు వాలిపోతాయి. ఎండిపోయిందనే అనుకుంటాం. కానీ నీరు తగ్గి రసం చిక్కబడ్డ కండ అంత తేలిగ్గా గడ్డకట్టదు. వసంతంలో నీళ్లు తాగి మళ్లీ లేస్తుంది.

మన మెట్టల్లో దాని మొండితనం పెద్దలకు బాగా తెలుసు. 18వ శతాబ్దం చివర్లో డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ ఎర్రరంగు పురుగుల పెంపకం కోసం మద్రాసు సైదాపేటలో నాగజెముడు తోట వేయించారు. ఆ రంగు వ్యాపారం నిలవలేదు. నాగజెముడు జాతులు మాత్రం దక్షిణాదిన పొలాలనూ బీళ్లనూ కమ్మేశాయి. 1926లో సింహళం నుంచి తెచ్చిన మరో రంగుపురుగు వచ్చాకే అవి అదుపులోకి వచ్చాయి. ఎండకూ కత్తికీ లొంగని ఆ మొక్క కుండీలో మనం పోసే నీళ్లకు కుళ్లిపోతోంది.

కుళ్లు పట్టిన మొక్క పైకి పచ్చగానే ఉంటుంది. మట్టికి ఆనేచోట గోధుమరంగు మచ్చ కనబడుతుంది. వేలితో నొక్కితే మాగిన సపోటాలా లోపలికి దిగుతుంది. పైభాగం ఇంకా గట్టిగా ఉంటే పచ్చి కండ తేలేదాకా శుభ్రమైన కత్తితో కోయాలి. కోత ఎండి పెచ్చు కట్టేదాకా వారం పదిరోజులు నీడన ఉంచి ఇసుకలో నాటితే మళ్లీ వేళ్లు పోస్తుంది.

అంతదాకా రాకుండా అడుగున చిల్లున్న మట్టికుండీ తీసుకోండి. సగం ఏటి ఇసుక, ఇటుక ముక్కలు, కాస్త ఎర్రమట్టి చాలు. ముసురు పట్టగానే వాన తగలని, ఎండ పడే చోటికి జరపండి. మంచు పడే ఊళ్లలో ఉన్న మన పిల్లలు కుండీని ఇంట్లోకి తెచ్చి, పాపమని వారం వారం నీళ్లు పోస్తుంటారు. దానికి కావలసింది నీళ్లు కాదు, వెలుతురున్న చల్లని గది. చాలా రకాలకు ఈ పొడి విశ్రాంతి దొరికితేనే పూత బాగా వస్తుంది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. మరీ లేత మొక్కలకు తప్ప, అప్పటిదాకా చెంబు పక్కన పెట్టండి. ముడతలు చూసి జాలిపడి నీళ్లు పోయకండి.