వగరు

వైను సీసాల వెనక అతికించే కాగితాల మీద రుచుల వర్ణనలు రాసేవాళ్ళకి మన పళ్ళేవీ తెలియవని నాకు చాలా ఏళ్ళుగా ఒక ఫిర్యాదు ఉంది. బ్లాక్‌కరంట్ అంటారు, గూస్‌బెర్రీ అంటారు, రాస్‌బెర్రీ అంటారు. నెల్లూరు జిల్లా మెట్టలో రేగుపళ్ళూ, సీమచింతకాయలూ, నేరేడుపళ్ళూ తిని పెరిగిన నాకు బ్లాక్‌కరంట్ అంటే ఏం గుర్తొస్తుంది? దగ్గుమందు గుర్తొస్తుంది! అందుకని పదేళ్ళ కిందట ఒక పాత డైరీ తీసి, తాగిన ప్రతి వైనుకీ మన పళ్ళ పేర్లతో, మన ఆరు రుచులతో చిట్టా రాయడం మొదలుపెట్టాను. తేదీ, సీసా పేరు, రంగు, వాసన, రుచి, ఏ కూరతో తాగాం, ధర. క్వాంటిటీ సర్వేయరుగా బతుకుతున్నవాణ్ణి కదా, గళ్ళు గీయకుండా ఏ పనీ చెయ్యలేను.

ఒమన్‌లో వైనా అని మీకు అనుమానం రావచ్చు. ముస్లిమేతర పరదేశీయులు లైసెన్సు తీసుకుని ఇంటికి కొనుక్కోవచ్చు. నేను మొదటిసారి తీసుకున్న రోజుల్లో జీతాన్ని బట్టి నెలకింత అని హద్దు పెట్టేవారు. దుకాణాలకు మన ఊళ్ళలోలా రంగురంగుల బోర్డులుండవు. కొన్నది నేరుగా ఇంటికి తెచ్చుకోవాలి, నాలుగు గోడల మధ్య తాగాలి. రంజాన్ నెలలో అదీ లేదు. 2019 జూన్‌లో మద్యం మీద నూటికి నూరు శాతం పన్ను వేశారు. కొన్నాళ్ళు సగానికి తగ్గించి, మళ్ళీ పెంచారు. అందుకని ఇక్కడ వైను తాగడం కాస్త లెక్కగా, చాటుగా, తీరిగ్గా చేసే పని. నాకు అదే నచ్చింది.

ఇక్కడ రాస్తున్నది కిందటి అక్టోబరు ఆఖర్లో ఒక వారం సంగతి. నాలుగు సీసాలు, ఆరు సాయంత్రాలు. మిగతా వారాలకీ దీనికీ ఉన్న తేడా ఒక్కటే, అప్పుడు మా అమ్మ మస్కట్‌లో మా ఇంట్లో ఉంది.

అమ్మ గురించి నాలుగు మాటలు చెప్పాలి. మా ఊరు కలిగిరి దగ్గర. 1992లో సారా దుకాణాలు మూయించిన దూబగుంట మాకు ఎంతో దూరం కాదు. నాన్న ట్రాక్టరు తోలేవాడు. ప్రభుత్వమే 'వారుణి వాహిని' అని అందమైన పేరు పెట్టి సారా ప్యాకెట్లు ఊరూరికీ పంపిన కాలం అది. నాన్న రోజుకూలి పద్దెనిమిది రూపాయలైతే, అందులో పన్నెండు ఆ ప్యాకెట్లకే పోయేవి. 1991లో కాలేయం చెడి పోయాడు. అప్పటికి నాకు పదమూడేళ్ళు. ఆ మరుసటి ఏడు, సాక్షరతా ఉద్యమం పెట్టిన రాత్రి బడిలో అమ్మ అక్షరాలు దిద్దింది. ఆ బడులకు వెళ్ళిన ఆడవాళ్ళే చీపుళ్ళూ కారప్పొడీ పట్టుకుని దుకాణాల ముందు కూర్చున్నారు. అమ్మా కూర్చుంది. రోశమ్మగారి పేరు పేపర్లలో వచ్చింది, మా అమ్మలాంటి వాళ్ళ పేర్లు రాలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు, 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు, 1997లో అది పోయింది. అమ్మ దృష్టిలో మాత్రం అది ఇప్పటికీ పోలేదు.

ఆమె వచ్చిన ప్రతిసారీ సీసాలు అటక మీదకి ఎక్కించడం మా ఆవిడ చేసే పని. ఈసారి వద్దన్నాను. నలభై ఏడేళ్ళు వచ్చినవాణ్ణి, నా ఇంట్లో నేను దాక్కుని తాగడం బాగాలేదనిపించింది.

ఆదివారం. ఒమన్‌లో వారం ఆదివారంతో మొదలవుతుంది (2013 మే వరకూ శనివారంతో మొదలయ్యేది). ఆగస్టు 15 నుంచి రెండు నెలల పాటు ఇక్కడ వంజరం వేట నిషేధం. అక్టోబరు 15 దాటగానే మత్రా చేపల మార్కెట్లో మళ్ళీ వెండి కడ్డీల్లా పరుస్తారు. ముక్కలు వేయించాం. దాంతో న్యూజిలాండ్ మార్ల్‌బరో సావిన్యాన్ బ్లాంక్ తీశాను. నా డైరీలో ఇలా ఉంది: "రంగు దాదాపు నీళ్ళే. వాసన దోరజామకాయ కొరికినట్టు, వెనక పచ్చి బెంగుళూరు మిర్చి. రుచి నిమ్మ పులుపు, కొసన చిటికెడు ఉప్పు. వేపుడు ముక్క మీద నిమ్మకాయ పిండాల్సిన పని లేదు." ఆ పచ్చిమిర్చి వాసన కవిత్వం కాదు. కాప్సికంలో ఉండే పైరజీన్ అనే పదార్థమే ఈ ద్రాక్షలోనూ ఉంటుంది.

అమ్మ చేప తింది, గ్లాసు వంక చూడలేదు, ఒక్క మాటా అనలేదు. మా ఆవిడ నన్ను చూసింది, నేను చేపను చూశాను.

సోమవారం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మ సోఫాలో కళ్ళజోడు పెట్టుకుని నా డైరీ చదువుతోంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, వేలు కింద పెట్టుకుని.

"ఏందబ్బయ్యా ఇది, సారాయికి పద్దు రాస్తా ఉండావా?"

"సారా కాదమ్మా, ద్రాక్షరసం పులిస్తే వచ్చేది."

"బెల్లం పులిస్తే సారాయి, ద్రాక్ష పులిస్తే ఇది. పులవడం పులవడమే గదా."

పులవడమొకటి, బట్టీ పెట్టడమొకటి అని కల్లుకీ సారాకీ ఉన్న తేడాతో వివరించబోయాను. ఆమె వినలేదు. "ధర" అని రాసిన గడి మీద వేలు పెట్టి, ఏడు రియాళ్ళంటే మన డబ్బుల్లో ఎంత అని అడిగింది. పదిహేను వందల పైచిలుకు అన్నాను. కాసేపు పెదాలు కదిపి లెక్క కట్టుకుంది. "మీ నాయన మూన్నెల్ల కూలి" అని డైరీ మూసి అక్కడే పెట్టింది. ఆ రాత్రి నేను సీసా తియ్యలేదు. తాగబుద్ధి కాలేదు, అంతే.

మంగళవారం అమ్మే వంట చేసింది. మామిడికాయ ముక్కలు వేసిన నెల్లూరు చేపల పులుసు. చింతపండు, మామిడికాయ రెండూ ఉన్న పులుసుకి వైను జత కుదరదని చాలామంది అంటారు. ఆ పులుపు ముందు మామూలు వైను నీళ్ళలా తేలిపోతుంది, కారం ముందు మరీ మండుతుంది. నిలబడేది ఒక్కటే, జర్మనీ మోజెల్ లోయ రీస్లింగ్. పులుసుకి దీటైన పులుపు, దాన్ని సర్దే తీపి, ఆల్కహాలు ఎనిమిదిన్నర శాతమే. మనం పులుసులో చిన్న బెల్లం ముక్క ఎందుకు వేస్తామో మోజెల్ వాళ్ళకీ తెలిసినట్టే ఉంది.

గ్లాసులో పోయగానే అమ్మ ముక్కు ఎగరేసింది. "ఇందులో కిరసనాయిలు పోశారా?"

నేను నిజంగా నోరు తెరిచాను. కాస్త వయసొచ్చిన రీస్లింగ్‌కి కిరసనాయిలు వాసన రావడం దాని గుణం. వైను పరీక్షలకి కూర్చునేవాళ్ళు ఆ వాసన పట్టడానికి తంటాలు పడతారు. మా అమ్మ టేబుల్‌కి అవతల కూర్చుని పట్టేసింది. ఆ మాటే చెప్తే ఆమె నవ్వింది. వారంలో అదే మొదటి నవ్వు. "రాత్రి బళ్ళో లాంతర్ల చుట్టూ కూచునేవాళ్ళం గదా, అదే వాసన. ఆ పొగకి కళ్ళల్లో నీళ్ళు కారతా ఉంటే అ, ఆలు దిద్దినాం" అంది. ఆ రోజు డైరీలో "వాసన" గడిలో "రాత్రి బడి లాంతరు" అని రాశాను. ఏ సీసా వెనకా అంత ఖచ్చితమైన మాట చూడలేదు.

గురువారం రాజమండ్రి మిత్రులు భోజనానికి వచ్చారు. మాంసం కూర, దాంతో ఆస్ట్రేలియా బరోసా లోయ షిరాజ్. ఆ పేరు విని, సముద్రానికి అవతలే ఉన్న ఇరాన్ షిరాజ్ నగరం నుంచి వచ్చిన ద్రాక్ష అనుకునేవాళ్ళు ఇక్కడ చాలామంది. 1990ల చివర్లో డీఎన్‌ఏ పరీక్షలు చేసి దాని అమ్మానాన్నలిద్దరూ ఫ్రాన్సు ద్రాక్షలేనని తేల్చారు. కథ పోయింది గాని రుచి పోలేదు. "రంగు నేరేడు. వాసన నేరేడుపళ్ళు, మిరియాలు. మొదట పండు తీపి, తర్వాత వగరు."

వగరు గురించి ఒక్క మాట. ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో ఉండే టానిన్లు మన లాలాజలంలోని మాంసకృత్తులను పట్టుకోవడం వల్ల నోరు బిగిసినట్టవుతుంది. నేరేడుపండు తిన్నా, వక్క నమిలినా అదే. ఇంగ్లీషువాళ్ళు దాన్ని రుచి అనాలో స్పర్శ అనాలో తేల్చుకోలేక వైను పుస్తకాల్లో పేజీలు నింపుతారు. మనవాళ్ళు ఎప్పుడో తీపి పక్కన, చేదు పక్కన కూర్చోబెట్టి ఆరు రుచుల్లో ఒకటిగా లెక్కేశారు.

మిత్రులు వెళ్ళాక, నేను ఖాళీ గ్లాసులు కడుగుతుంటే అమ్మ అడిగింది. "నీ సైట్లో మనోళ్ళు ఉంటారంటివే, కడప పిలకాయలు, కరీంనగర్ పిలకాయలు. వాళ్ళకి ఈ కార్డు ఇస్తారా?"

"వాళ్ళ జీతాలకి రాదమ్మా."

"మరి తాగరా?"

"తాగేవాళ్ళు తాగుతారు. క్యాంపుల్లో దొంగచాటుగా అమ్మే సరుకు ఉంటుంది."

"అయితే సారాయి ఇక్కడికి కూడా వచ్చేసిందన్నమాట" అంది. తర్వాత చాలాసేపు గ్లాసులు తుడిచింది. వెళ్ళి పడుకునే ముందు డైరీ తెచ్చి నా ముందు పెట్టింది. "అన్నీ రాస్తా ఉండావు. ఎన్ని గలాసులు తాగినావో రాసే గడి లేదేం? మీ నాయనకీ సారాయి రుచి బాగానే తెలుసు. ఎక్కడ ఆపాల్నో ఆ లెక్కే తెలవదు."

జవాబు చెప్పడానికి నా దగ్గర చాలా ఉన్నాయి. నాన్న ఒళ్ళునొప్పులకి తాగాడు, నేను భోజనంతో తాగుతున్నాను. ఆయన జీతం దుకాణానికి పోయింది, నా జీతం ఇంటికొస్తుంది. అవన్నీ నిజాలే. కానీ ఆమె అడిగింది అవి కావు. స్కేలు తీసుకుని "ధర" పక్కన ఇంకో గడి గీశాను. ఆదివారం రెండు, మంగళవారం ఒకటిన్నర, గురువారం మూడు. మూడు అనే అంకె దగ్గర ఆమె వేలు ఆగింది గాని ఏమీ అనలేదు.

శుక్రవారం జబల్ అఖ్దర్ వెళ్ళాం. బిర్కత్ అల్ మౌజ్ దగ్గర పోలీసులు ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితేనే పైకి వదులుతారు. రెండు వేల మీటర్ల ఎత్తున, సైక్ పీఠభూమి చుట్టూ మెట్లు మెట్లుగా పొలాలు, వాటికి ఫలజ్ కాలవల నీళ్ళు, దానిమ్మ, వాల్‌నట్ చెట్లు, వసంతంలో గులాబీలు. 1835-36లో ఒమన్ తిరిగిన వెల్‌స్టెడ్ అనే ఆంగ్ల నౌకాదళ అధికారి ఈ కొండ మీద ద్రాక్షతోటలు చూశాడు, ఇక్కడివాళ్ళు వైను చేసుకుని తాగుతున్నారని 1838లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. ఇప్పుడు ఆ అలవాటు లేదు. నాతో పనిచేసే ఒమనీ మిత్రుడి ఊరు అక్కడే. ఆయన తన జన్మలో చుక్క ముట్టలేదు, నన్ను ముట్టొద్దని ఎన్నడూ చెప్పలేదు. ఖర్జూరం, ఏలకుల వాసన వేసే కహ్వా ఇచ్చి, తోటలో ఆ ఏటి ఆఖరి దానిమ్మపళ్ళు కోసిపెట్టాడు. అమ్మ అరుగు మీద కూర్చుని గింజలు ఒలుచుకుని, కళ్ళు మూసుకుని నమిలింది. "ఇది కూడా పద్దులో రాయబ్బయ్యా" అంది. "నువ్వే రాయి" అన్నాను.

శనివారం బెంగుళూరు నుంచి ఒక స్నేహితుడు తెచ్చిన గ్రోవర్ లా రిజర్వ్ తీశాం. మన హిందూపురానికి అట్టే దూరం లేని నందికొండల కింద పండిన ద్రాక్ష, కాబర్నే, షిరాజ్ కలిపినది. "వాసన వానకి తడిసిన ఎర్రమట్టి, ఎండు అల్లనేరేడు. వగరు ఎక్కువ, తీపి తక్కువ. గుత్తి వంకాయతో బాగా నప్పింది. ఒక గ్లాసు." మా ఆవిడ ఇంకో గ్లాసు తీసుకుంది. మిగిలిన సీసాకి బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టాను.

తర్వాత డైరీ మొదటి నుంచీ తిరగేశాను. శుక్రవారం పేజీలో ముప్ఫై ఏళ్ళ కిందటి రాత్రి బడి అక్షరాలు, గుండ్రంగా, గీత దాటకుండా ఉన్నాయి: "దానెమ్మ కాయ. ముందర తీపి. ఎనక పులుపు. ఆకర్న వగరు. దర లేదు. రెండు కాయలు తిన్నాను, సాలు."